ఫ్లాస్కుకు పౌడరు

1968 జూన్‌లో తార్నాకలో స్టూడియో తెరిచేనాటికి నా దగ్గరున్నవి ఇవి: మామయ్య పాతదైందని ఇచ్చేసిన ప్లేట్ కెమెరా, రెండు దీపాలు, ఒక అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. హాల్ టికెట్ ఫోటోలు తీయడంలో హబ్సిగూడ దాకా నన్ను మించినవాడు లేడన్న నమ్మకం వీటికి అదనం.

ఆ నమ్మకం జూలైలో ఒక శనివారం పోయింది.

యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో గ్రేస్ అనే రీసెర్చ్ స్టూడెంట్ థీసిస్‌కు ఒక గాజు పరికరం ఫోటో కావాలని అక్కడి ఆఫీసు నుంచి కబురొచ్చింది. పెద్ద ఫ్లాస్కు, దాని మీద మెలికలు తిరిగిన గొట్టాలు. ఆమె తండ్రి జ్ఞానప్రకాశంగారు అక్కడే గాజు ఊదే పనిలో ఉన్నారు. దీన్ని ఆయనే చేశారు. సోమవారం పొద్దున్నే దాన్ని విప్పేస్తారు. ఈలోగా ఫోటో రాకపోతే థీసిస్ గడువు తప్పుతుంది, మళ్లీ ఆర్నెల్లు ఆగాలి.

దీపాలు వేసి చూస్తే ఫ్లాస్కు నూనె రాసిన బుగ్గలా మెరుస్తోంది. మొహం మెరిస్తే మా వృత్తిలో మందు ఒకటే. సంచిలోంచి డబ్బా తీసి, ఫ్లాస్కుకు నిండుగా పౌడరు అద్దాను.

“ఏంది సారూ, సీసాను పెండ్లికూతుర్ని చేస్తున్నరా?” అన్నాడు అటెండర్ ఉప్పలయ్య. “బొట్టు గూడ వెట్టున్రి.”

అప్పుడే వానలో తడిసిన గొడుగుతో గ్రేస్ లోపలికొచ్చింది. ఫ్లాస్కును చూసింది. నా చేతిలో డబ్బాను చూసింది.

“ఎవరండీ మీరు?”

“ఆనందరావునండి. ఫోటో స్టూడియో.”

“ఫోటోగ్రాఫరా? బ్యూటీ పార్లర్ అనుకున్నాను. ఆ జాయింట్లలోకి పౌడరు పోతే ఎవరు కడుగుతారు, మీరా?”

“మెరుపు తగ్గుతుందని...”

“గాజు మెరవకుండా ఏం చేస్తుందండీ, దగ్గుతుందా?”

ఉప్పలయ్య నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయాడు. నేనూ ఆమే తడిబట్టతో గంటసేపు తుడిచాం. నా జీవితంలో కూలి లేకుండా అంత సంతోషంగా చేసిన పని అదే మొదటిది.

తుడిచాక నల్లగుడ్డ కప్పుకుని కెమెరాలోంచి ఆమె చూసింది.

“ఇందులో ఫ్లాస్కు లేదండీ. గాజు నిండా రెండు దీపాలు, ఇద్దరు మీరు. అందులో ఒకరు తలకిందులుగా ఉన్నారు.”

“వాళ్లిద్దరిలో ఎవరు బాగున్నారు?”

“తలకిందులాయన. కనీసం మాట్లాడటం లేదు.”

అప్పుడే వర్క్‌షాప్ నుంచి జ్ఞానప్రకాశంగారు వచ్చారు. మా గొడవ పట్టించుకోకుండా, కొత్తగా ఊదిన గొట్టం ఒకటి కిటికీకి ఎత్తి పట్టి పగుళ్లున్నాయేమో చూసుకున్నారు. మబ్బు వెలుగులో ఆ గొట్టం అంచులు పెన్సిలుతో గీసినట్టు కనబడ్డాయి.

నాకు విషయం అర్థమైంది. వెలుగు గాజు మీద పడకూడదు, గాజు వెనక ఉండాలి.

ఉప్పలయ్యతో హాస్టల్ నుంచి తెల్ల దుప్పటి తెప్పించి ఫ్లాస్కు వెనక కట్టాను. దీపాలు రెండూ దుప్పటి మీదికి తిప్పాను. ఫోటో కాగితాల ప్యాకెట్లలో వచ్చే నల్ల కాగితం పక్కల నిలబెడితే గాజు అంచులు నల్లగా తేలాయి. రెండోవైపు కాగితం నిలవడం లేదు.

“మీరు పట్టుకోండి,” అన్నాను గ్రేస్‌తో.

ముందు అంచూ వెనక గొట్టమూ రెండూ స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేయాలి. చిన్నది చేస్తే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని కాలంతో పూడ్చాలి: ఇరవై సెకన్లు.

“గడియారం చూసి మీరే లెక్కపెట్టండి. ఇరవై కాగానే చెప్పండి. కదలొద్దు, మాట్లాడొద్దు.”

“మాట్లాడకుండా ఇరవై సెకన్లా? థీసిస్ రాయడమే నయం.”

లెన్సు మూత తీశాను. బయట వాన. ఉప్పలయ్య కూడా ఊపిరి బిగబట్టాడు. నేను ఫ్లాస్కు మీంచి చూపు తిప్పలేదు, ఎక్కడ వణుకుతుందోనని.

“అయింది,” అంది.

నెగటివ్ నేననుకున్నదానికంటే కాస్త నల్లగా వచ్చింది, అంటే వెలుగు ఎక్కువసేపు పడింది. ఆమె గడియారం నెమ్మదేమో అనుకున్నాను. ఆదివారం సాయంత్రం ప్రింటు వేశాను. ప్రతి అంచూ తీగలా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఫ్లాస్కు అంచున బియ్యపు గింజంత మొహం కనబడింది. గ్రేస్. కళ్లు గడియారం మీద లేవు, కెమెరా పక్కన నేను నిలబడ్డ వైపున్నాయి.

థీసిస్‌కు నాలుగు ప్రతుల్లో ఆ గింజను సన్న కుంచెతో చెరిపేశాను. ఐదోది ముట్టుకోలేదు.

సోమవారం తండ్రీకూతుళ్లు వచ్చారు. జ్ఞానప్రకాశంగారు బల్ల మీదున్న ప్రింట్లలోంచి సరిగ్గా ఆ ఐదోదాన్నే తీసుకుని భూతద్దం పెట్టారు. తన పనిని అంత స్పష్టంగా ఎవరూ ఫోటో తీయలేదన్నారు. ఒకచోట ఆగారు.

“ఎంతసేపు తెరిచావబ్బాయ్?”

“ఇరవై సెకన్లండి.”

“ఇది రెండు సెకన్ల చూపైతే మసకగా వచ్చేది.” కూతురి వైపు తిరిగారు. “చర్చిలో ప్రార్థనకే నిలకడగా నిలబడవు కదమ్మా నువ్వు?”

ఆమె మొహం చూడాలంటే నాకు భూతద్దం అక్కర్లేకపోయింది.

“గడియారం చూడలేదన్నమాట,” అన్నాను మెల్లగా.

“మనసులో లెక్కపెట్టాను.”

“తప్పు లెక్క. నెగటివ్ నల్లబడింది.”

“చూడొద్దని చెప్పలేదుగా మీరు. కదలొద్దన్నారు, కదల్లేదు.”

జ్ఞానప్రకాశంగారు నాలుగు ప్రింట్లు కవర్లో పెట్టుకున్నారు. ఐదోది బల్ల మీదే వదిలేశారు. “ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మగారిని మా ఇంటికి తీసుకురా,” అని, గొడుగు కూతురికి వదిలి ముందు నడిచారు.

“ఇంతకీ ఎన్ని సెకన్లు లెక్కపెట్టారు?” అన్నాను.

గ్రేస్ గొడుగు విప్పుతూ వెనక్కి చూసింది. “ఇరవై ఆరు.”

ఆ పనిలో నాకు మిగిలిందిది: అడిగినవి ఇరవై, కొసరు ఆరు.