చెల్లి అన్న మాట

పోయిన నా భార్య తమ్ముళ్ళు నాకోసం రక్తం ఇవ్వలేదు. ముగ్గురూ దున్నపోతుల్లా ఉంటారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

అక్రోటు చెట్టు మీద నుంచి పడి నా తుంటి విరిగింది. నిక్షిచ్ పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి కీలు మార్చారు. రక్తం చాలా పోయిందని రెండు సంచులు ఎక్కించారు. ఎక్కించినదానికి బదులు రోగి మనుషులు వచ్చి ఇవ్వాలి. బావమరుదులకు కబురు పెట్టాను. ఒకడికి జలుబు, ఒకడికి గడ్డికోత. మూడోవాడు ఫోనే ఎత్తలేదు.

పొరుగింటి వుకొసావ వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, తేనెటీగలు పెంచుతుంది. అవి నన్ను కుట్టినప్పుడల్లా మాకు గొడవే.

"చచ్చావనుకున్నా," అంది మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ.

"ఇంకా లేదు."

"కాలే పోయిందన్నమాట. నోరు బాగానే ఉంది."

కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలియదు. వార్డంతా వినేలా అన్నాను: "వుకొసావా, దేవుడి సాక్షిగా నువ్వు నాకు చెల్లివి."

మా మోంటెనెగ్రో కొండల్లో ఇంతకంటే గౌరవం లేదు. అలా పిలిపించుకున్న మనిషి నిజంగానే తోబుట్టువవుతుంది. ఆమె కోసం ప్రాణమైనా ఇవ్వాలి. పెళ్ళి మాత్రం చేసుకోకూడదు.

ఆమె తెచ్చిన జున్ను రొట్టె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నన్ను చూడడానికొచ్చిన నోవిట్సా బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్ మిలుతిన్! చెల్లెలవడానికా ఆ మనిషి రెండు బస్సులు మారి వచ్చింది?"

అప్పుడు గాని నాకు తట్టలేదు. భార్య పోయాక అలాంటివి తట్టే చోటు నాలో మూసుకుపోయింది.

నడక నేర్పే పిల్ల తిట్టి తిట్టి నేర్పింది. మొదట కిటికీ దాకా వెళ్ళేసరికే చెమటలు పట్టి కూలబడ్డాను. మొండిగా నేర్చుకున్నాను. వుకొసావ ఇల్లు ఏటవాలు మీద ఉంది.

ఇంటికొచ్చాక కర్రల మీద అక్కడికి ఎక్కి వెళ్ళేసరికి వాన అందుకుంది. ఆమె లోపలికి రమ్మనలేదు.

"ఏం అన్నయ్యా, చెల్లెల్ని చూడ్డానికొచ్చావా?"

"అలా పిలవకు."

"మొదలెట్టింది నువ్వే!"

"నీ రక్తం నాలో ఉందని..."

"నా రక్తం బ్యాంకుకి పోయింది. నీకెక్కించింది ఏ లారీ డ్రైవరుదో. పోయి అతన్ని పిలుచుకో, తమ్ముడూ అని."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. "ఆ మాట వెనక్కి తీసుకుంటాను."

"నా గుమ్మంలోనా? అందరి ముందూ అన్నావు. అందరి ముందే తీసుకో."

తలుపు వేసేసింది. మళ్ళీ తీసి ఒక గొడుగు బయటికి పెట్టింది. నా రెండు చేతుల్లోనూ కర్రలే. గొడుగు అక్కడే వదిలేసి తడుస్తూ దిగాను.

ఆదివారం చర్చి ముందు ఊరంతా ఉంది. మెట్లెక్కి నిలబడ్డాను.

"ఆ రోజు నాకు ఆపరేషన్ మత్తు దిగలేదు. వుకొసావ నాకు చెల్లి కాదు."

అందరూ ఊరి పెద్ద అయిన బాబాయి వైపు చూశారు. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"మత్తులో అన్న మాట చెల్లదు. మరి ఏమవుతుందిరా?"

జనంలో ఉన్న వుకొసావ వైపు తిరిగాను. "భార్య. ఆమెకిష్టమైతే."

వుకొసావ చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "వెనకవాళ్ళకి వినబడలేదట. ఇంకోసారి చెప్పు."

"ఒకసారి చెప్పాను."

"ఏం మనిషివయ్యా!" అంటూ నా ఎడమ చేతి కర్ర లాక్కుంది. దాని చోట తన భుజం పెట్టింది. ఇద్దరం మెట్లు దిగాం.

పెళ్ళయినా, చర్చి ముందన్న ఆ మాట మళ్ళీ అనమని ఇప్పటికీ అడుగుతుంది. అనను. ఈ సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తను.