మునిశేఖర్‌తో ఆఖరి రేసు

పలమనేరులో ఆ మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతోంది. చిత్తూరు నుంచి పరామర్శకు వచ్చిన రూపేష్, స్నేహితుడు మునిశేఖర్ గదిలో టీవీ ముందు కూర్చున్నాడు. శేఖర్ పోయి ఐదు రోజులు. బైకు జారి, ఆసుపత్రికి చేరకముందే పోయాడు పాపం.

"ఒక్క ఆట ఆడప్పా," అంది శేఖర్ తల్లి నిర్మలమ్మ. "ఆ బండ్ల మోత లేక ఇల్లు బోసిపోయుండాది."

కాదనలేకపోయాడు. టీవీలో ఆడే బుల్లి కార్ల రేసు అది. మూడు చుట్లు. పదేళ్లుగా ఆదివారమైతే చాలు, ఇద్దరూ దాని ముందే. ఎంత ముచ్చటో అంత కడుపుమంట కూడా. రెండున్నర చుట్లు ముందుండి, తీరా గెలుపు గీత దగ్గరికొచ్చాక వెనక నుంచి బాంబు పడి బోల్తా కొడితే ఒళ్లు మండదూ? శేఖర్‌కు అదే సరదా. పైగా ఓడినోణ్ణి ఇంటికి పోనిచ్చేవాడా? చొక్కా పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టేవాడు.

ఆ రోజు రూపేష్ ఒక్కడే ఆడాడు. రెండో కంట్రోలర్ బ్యాటరీ లేకుండా మంచం మీద పడి ఉంది. మూడో చుట్టు. గీత కనిపిస్తోంది. వెనక నుంచి పసుపు కారు వచ్చింది... ఎప్పుడూ శేఖర్ తీసుకునే కారు. బాంబు వేసింది. గీత దాటి వెళ్లిపోయింది.

రూపేష్ పాత ఆటేదో మిషన్ గుర్తు పెట్టుకుందిలే అని సర్దిచెప్పుకుని, టీవీ ఆపి లేచాడు. లేస్తూ లేస్తూ, పదేళ్ల అలవాటున నోరు జారాడు.

"పోయొస్తా రా శేఖరా."

చావింటి నుంచి చెప్పకుండా లేచి రావాలి. మళ్లీ వస్తానని పొరపాటున కూడా అనకూడదు. మనవైపు చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. తెలిసి ఏం లాభం, నోరు ఊరుకుంటేగా!

నిర్మలమ్మ ముఖం పాలిపోయింది. "ఎంత పని జేసినావప్పా..." అని గొణిగింది.

రూపేష్ గబగబా బయటపడ్డాడు. బస్టాండు రెండు వీధుల అవతలే. మలుపు తిరిగాడు. పాలకేంద్రం దాటాడు. ఇంకో మలుపు...

ఎదురుగా నిర్మలమ్మ ఇంటి గేటు.

ఈసారి రెండో వైపు పరుగెత్తాడు. తడిమట్టి వాసన. దాని వెంబడే కాలిన రబ్బరు వాసన. వీధిలో మనిషన్నవాడు లేడు. మలుపు... మళ్లీ అదే గేటు. గడపలో నిర్మలమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"నేను పిల్సలేదు నాయనా," అంది సన్నగా. "నువ్వే వస్తానంటివి."

మూడోసారి పోయే ధైర్యం చాల్లేదు. ఇంట్లో మూడేళ్ల పాప. తను రానిదే అన్నం ముట్టదు. గోడకు ఆనుకుని భార్య ధరణికి ఫోన్ చేశాడు.

"ధరణీ... నేను ఈడ ఇరుక్కున్నా. దారి దొరకడంలే."

"ఎవురు అన్నా, మాట్లాడేది?" అంది ధరణి. "మా ఆయన ఫోను మీకు యాడ దొరికింది?"

"నేనే! మీ ఆయన్నే!"

"ఏం పరాచికాలన్నా ఇవి? ఆయన ఇందాకే వచ్చినాడు, ఒళ్లంతా కాలిన రబ్బరు వాసనతో. లోపల పాపతో ఉండాడు."

ధరణి గొంతు బాగా తగ్గించింది.

"అదేందో గానీ... పాప ఆయన ఒళ్లోనే కూసోని, నాయనెప్పుడొస్తాడని అడగతానే ఉండాది."