ఏడవ మెట్టు

కంకణగిరి దుర్గమును శత్రువులు చుట్టుముట్టి అది మూడవ మాసము. కోట దిగువ పంటచేలన్నియు డేరాలతో నిండిపోయెను. ఏనుగుల ఘీంకారములతో, భేరీనాదములతో కొండలు మారుమ్రోగుచుండెను. అయినను ఆ నల్లరాతి గోడలలో ఒక్క రాయియు కదలలేదు. ముప్పంతయు లోపలనే యుండెను. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని పెద్దలు ఊరకే యనలేదు.

ఆ దొంగ మహామంత్రి కొమ్మన ప్రెగ్గడ. నొసట విభూతి, నాలుకపై తేనె, కడుపులో విషము. కోట నప్పగించినచో సింహాసనము వానిదేయని శత్రురాజు మాట యిచ్చియుండెను. ఉత్తరపు సొరంగద్వారపు తాళపుచెవి వాని మొలనే యుండును. కాని ఆ సొరంగములో ఒక కీలురాయి కలదు. దానిని లాగినచో కప్పు కూలి లోనివారెల్లరు నలిగిపోవుదురు, లాగినవాడును దక్కడు. అది యెచటనున్నదో, కోట కట్టిన శిల్పుల సంఘమగు శ్రేణిలో ఏడవ మెట్టెక్కినవారికే తెలియును. ఆరు మెట్లు చేతికి పని నేర్పును. ఏడవది మనసును చెక్కును. యోగ్యుడైనచో శిల్పి కానివానినిగూడ చేర్చుకొందురు. అందుకే మంత్రి రాజుచెవి కొరికి, రాజోద్యోగి శ్రేణిలో చేరినచో తల తీయవలెనని శాసనము వేయించెను.

ఆనాడు ఆ శ్రేణికి పెద్దయగు వృద్ధస్థపతి కాచోజును సంకెళ్లతో భీమభూపాలుని కొలువున నిలిపిరి.

"కీలురాయి జాడ తెలియక కావలి యెట్లుంచగలము ప్రభూ? ఈ ముసలివాడు నోరు విప్పడు" అనెను మంత్రి.

"ఏడవ మెట్టువానికి దక్క నొరులకు చెప్పనని బాస చేసితిని దేవా. తల తీయింపగలరు గాని బాస తీయింపలేరు" అనెను కాచోజు.

మంత్రి నవ్వెను. "అట్లయిన నాకే చెప్పుము. శ్రేణి గుట్టు తెలిసికొన, ప్రభుకార్యమునకై నేనును చేరితిని." వెలివేయబడిన శిల్పి యొకనివద్ద కొనిన గుర్తులన్నియు చూపెను, మూలమట్టమువలె చేయి మడిచెను, రహస్యపదమును ముసలివాని చెవిలో పలికెను. అన్నియు సరిపోయెను.

కాచోజు ముఖము పాలిపోయెను. "ఒక్క ప్రశ్న. ఎన్ని మెట్లెక్కితివి?"

"ఏడును ఎక్కితిని!"

కాచోజు పకాలున నవ్వెను. "గుర్తులమ్మినవాడు జవాబు అమ్మలేదు కాబోలు, ప్రెగ్గడా!"

అంతలో కావలిభటుడు పరుగున వచ్చెను. "దేవా, సొరంగద్వారము తెరచియున్నది! శత్రువులు చొచ్చుచున్నారు!"

అందరి చూపులు మంత్రి మొలలోని తాళపుచెవిపై పడెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, రాయి చిక్కకమునుపే ఆ ద్రోహి ద్వారము తెరచివచ్చెను. భటులు వానిని నేలకు పడద్రోసి కట్టివేసిరి.

"కాచోజూ, రాయి చూపుము!" అని భీమభూపాలుడు సింహాసనము దిగెను. బాసకును కోటకును నడుమ నలిగి ముసలివాడు సంకెళ్లచేతులతో తల పట్టుకొనెను.

అప్పుడు సేనాని బేతినాయకుడు లేచెను. "నన్నడుగుము తాతా."

"ఎన్ని మెట్లెక్కితివి, నాయకా?"

"ఇంకను మొదటి మెట్టుననే నిలిచియున్నాను."

కాచోజు కన్నీరు పెట్టుకొనెను. "ఎక్కితిననుకొన్ననాడే జారిపోవుదుము. ఏడవ మెట్టు చెప్పునది అంతే నాయనా" అని రాయి జాడ చెవిలో చెప్పెను.

"నీవునా, బేతా?" అనెను రాజు.

"శాసనము నెరుగుదును దేవా. ఈ తల తమది. ఒక్క గడియకు దానిని నాకు అప్పిండు."

రాజు తల యూపెను. నాయకుడు ఒంటరిగా సొరంగములోనికి దిగెను. కొంతసేపటికి కొలువుకూటము అదిరెను. ఉత్తరమున ధూళి ఆకాశమునకు లేచెను. శత్రువుల ముందుదళమంతయు రాళ్లక్రింద అణగిపోగా, మిగిలినవారు మూడవనాటికి ముట్టడి విడిచిపోయిరి.

దహనమునకై దేహమును తీయింపుడని రాజు ఆజ్ఞాపించెను.

"రాళ్లు కదిపినచో పైనున్న కోటగోడయు కూలును దేవా. వాని నచటనే యుండనిండు" అనెను కాచోజు.

బేతినాయకునికి సంతానము లేదు. భీమభూపాలుడు శిరోముండనము చేయించుకొని, ఆ రాళ్లకుప్ప యెదుట మోకరిల్లి, కొడుకు విడువవలసిన తిలోదకములను తానే విడిచెను.