బోథ్ బస్టాండులో ఎర్ర చేతులు

“మోదుగు పూసిందా?” ఫోన్లో గొంతు అడిగింది.

“ఆకు రాలింది,” విసుగ్గా అన్నాడు ఏజెంట్ రాయమల్లు. బస్టాండులో డప్పుల మోతకు కోడ్ వర్డ్‌ను అరిచి చెప్పాల్సి వచ్చింది. ఇద్దరు తిరిగి చూశారు కూడా.

కరీంనగర్ ఆఫీసులో చీఫ్ కరుణాకర్‌రావు అసలు సంగతికొచ్చాడు. “పొద్దున ఏడింటికి బోథ్ టెస్టింగ్ షెడ్డులకెళ్లి సోలార్ డై సీసా ఎత్తుకపోయిండ్రు. అంబర్ రింగ్ ముఠా పనే. పదకొండింటి కిన్వట్ బస్సుల మహారాష్ట్ర బార్డర్ దాటుతదని ఫోన్ ట్యాప్‌ల దొరికింది. సీసా మూత లీకైతదట. దొంగ చేతులకు ఎర్రరంగు అంటి ఉంటది. పట్టుకో.”

“సార్, ఇయ్యాల హోలీ.”

“ఔను గదా,” అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

రాయమల్లు చుట్టూ చూశాడు. నలభై మంది ప్రయాణికులు. రంగు అంటని చెయ్యి ఒక్కటీ లేదు. ఈ విదేశీ ముఠా ఇప్పటికే రెండుసార్లు చిక్కినట్టే చిక్కి తప్పించుకుంది. మూడోసారీ తప్పితే అతనికి రికార్డు రూము పోస్టింగ్ ఖాయం.

డై తయారుచేసిన సైంటిస్ట్ నవతకు ఫోన్ కలిపాడు. “జర అర్థమయ్యేటట్టు చెప్పమ్మా. ఏముంది ఆ సీసాల?”

“ఎండను కరెంటు చేసే రంగు సార్. సోలార్ సెల్‌కు పట్టిస్తం. వేరేటోళ్లు రుథేనియం అని ఖరీదైన మెటల్ వాడుతరు. నా దాంట్ల మెటలే లేదు. మాలిక్యూల్ ఒక కొస ఎలక్ట్రాన్లు ఇస్తది, ఇంకో కొస గుంజుకుంటది. ఆ రెండో కొసకు యాసిడ్ కొక్కెం పెట్టిన. సెల్‌ల ఉండే తెల్లపొడిని, అంటే టైటానియం డయాక్సైడ్‌ను, అది గట్టిగ పట్టుకుంటది. పట్టినంక నీళ్లకు పోదు, స్పిరిట్‌కూ పోదు. ఆరేండ్లు సార్. నూట నలభై ఫెయిలైనయి. గిదొక్కటి నిలవడ్డది. వాళ్లు ముందుగాల పేటెంట్ ఏస్తే నా రంగు నేనే ముట్టరాదు.”

“నీ సీసా నీకు తెచ్చిస్త,” అన్నాడు రాయమల్లు. ఎలాగో అతనికే తెలియదు.

“మాటలు బాగానే ఇస్తారు,” నవ్వింది పక్కనున్న కావ్య. నల్ల కళ్లద్దాలు, తెల్ల కుర్తా, చేతిలో హోలీ పిచికారి. రెండేళ్లుగా అంబర్ రింగ్‌లో ఉంటూ మనకు సమాచారం పంపే మనిషి. ఆమెను చేర్చుకున్నది రాయమల్లే. పొద్దున్నే వచ్చి, బస్టాండులో రంగులమ్మే సత్తమ్మ మోదుగుపూలు ఉడకబెట్టిన కుండలో మణికట్ల దాకా చేతులు ముంచింది. పండగ వేషం ఉంటే అనుమానం రాదంది.

“ఎండ మండిపోతోంది. నేనైతే లేవగానే చేతులకు పట్టిస్తాను,” అంటూ తెల్లటి సన్‌స్క్రీన్ ట్యూబ్ అతనికిచ్చింది. రాయమల్లు ముఖానికీ చేతులకూ రాసుకుని, ట్యూబ్ జేబులో పడేసుకున్నాడు.

డిపార్ట్‌మెంటు ఇచ్చిన యూవీ టార్చ్ తీసి షెల్టర్ నీడలో బస్సు కోసం నిలబడ్డ జనం మీదికి కొట్టాడు. అసలు డై ఒక్కటే మెరుస్తుందని బ్రీఫింగ్. ప్యాకెట్ రంగులు పూసుకున్న జనమంతా మెరిశారు. టార్చ్‌ను విసిరికొట్టబోయి ఆగాడు. సంతకం పెట్టి తీసుకున్న సామాను.

“నేను బస్సెక్కి కిన్వట్ దాకా కనిపెడతాను,” అంది కావ్య. అతను సరేనన్నాడు.

కండక్టర్ తిరుమల తలుపు దగ్గర అడ్డం నిలబడింది. “చేతులు కడుక్కున్నోళ్లే ఎక్కాలె! పోయిన హోలీకి సీట్లన్నీ ఖరాబ్ జేసిండ్రు!”

తిట్టుకుంటూనే అందరూ నల్లా దగ్గర లైను కట్టారు. ప్యాకెట్ రంగులు వెలిశాయి. మోదుగు రంగు జారిపోయింది. కావ్య కూడా కడుక్కుంది. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం నారింజ ఎరుపులో అలాగే ఉన్నాయి. సబ్బు రుద్దింది. బ్యాగులోంచి స్పిరిట్ తీసి తుడిచింది.

సత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. “ఓ దొరసానీ, నా పువ్వు రంగు నాలుగు చెంబులకు పోతది. గిది నా కుండల్ది గాదు!”

కావ్య నవ్వేసి బస్సెక్కింది. విజిల్ మోగింది. బస్సు కదిలింది.

నీళ్లకు పోలేదు. స్పిరిట్‌కూ పోలేదు. రాయమల్లు జేబులోంచి ట్యూబ్ తీసి వెనకవైపు చదివాడు. మొదటి పేరే టైటానియం డయాక్సైడ్. కావ్య లేవగానే చేతులకు రాసుకునేది ఇదే.

పరుగెత్తి ఫుట్‌బోర్డు అందుకున్నాడు. “బస్సాపు!”

కావ్య కళ్లద్దాలు తీసింది. పిచికారిని కిటికీ బయటికి గురిపెట్టింది. “డై ఇందులోనే ఉంది. ఒక్క అడుగు వేసినా ఇదంతా రోడ్డు మీద చిమ్మేస్తాను. మీ నవత ఆరేళ్లూ మట్టిలో కలుస్తాయి.”

రాయమల్లు ఫుట్‌బోర్డు మీదే ఆగాడు. కావ్య వెనకనుంచి ఒక కేక వినిపించింది.

“మళ్ల రంగా? నా బస్సులనా?”

తిరుమల టికెట్ మిషన్‌తో కావ్య మణికట్టు మీద ఒక్కటిచ్చింది. పిచికారి కిటికీ అంచుకు తగిలి లోపలికి పడింది. నేలకు తాకేలోపు రాయమల్లు దూకి రెండు చేతులా పట్టుకున్నాడు. రంగు అతని వేళ్ల సందుల్లోంచి కారింది.

కావ్యను జీపు ఆదిలాబాద్ తీసుకుపోయింది. టెస్టింగ్ షెడ్డులో నవత పిచికారిని వెలుతురుకు పెట్టి చూసింది. “మూడొంతులున్నది సార్,” అని అక్కడే కూలబడి ఏడ్చింది.

“దొంగ ఎక్కడ దొరికింది?” ఫోన్లో చీఫ్.

“నా పక్కన్నే సార్. పొద్దటి సంది.”

“రిపోర్టుల ఆ ముక్క రాయకు.”

సాయంత్రం అదే బస్సు తిరిగొచ్చింది. రాయమల్లు ఎక్కబోతే తిరుమల చెయ్యి అడ్డం పెట్టింది.

“గా చేతులేంది సారూ? కడుక్కొని రా.”

రాయమల్లు అప్పటికే పదకొండుసార్లు కడుక్కున్నాడు.