దారిపటానికి కనబడని మనుషులు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. గోడకి ఆనుకుని కూర్చున్న సన్యాసమ్మ. ఆమె కొడుకు గౌరీశు. వంటింట్లో కోడలు. చాపల మీద, గుమ్మం దాకా, గెడ్డవలస నుంచి నడిచి వచ్చిన చుట్టాలు. మూలన దీపం, దాని వెనక చనిపోయిన సన్యాసమ్మ భర్త రామునాయుడి ఫొటో. అందరికన్నా ఆఖరున వచ్చింది నీలవేణి. సన్యాసమ్మ ఆమెకి మేనత్త.

ఎవరూ ఆమెను రమ్మనలేదు. చావింట్లో ఎవరినీ రమ్మనరు. కానీ కాస్త జరిగి చోటిస్తారు. ఆమెకోసం ఎవరూ జరగలేదు. గుమ్మం పక్కనే కూర్చుంది.

ఆ కాలంలో రోడ్లకి ప్రాణం ఉండేది. రోడ్డు లోపల పరిచిన తీగలు పైన వెళ్ళే బండ్లకి కరెంటు ఇచ్చేవి, దారి చెప్పేవి. డ్రైవర్లు లేరు. అన్ని రోడ్లకీ సరిపడా కరెంటూ లేదు. అందుకని ఏ రోడ్డును ఉంచాలో, ఏ రోడ్డును నిద్రపుచ్చాలో తేల్చడానికి దారిపటం అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ప్రతి మనిషి చేతికీ ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తున్నాయో చూసి దారిపటం మ్యాపు మీద గీతలు గీస్తుంది. జనం ఎక్కువగా తిరిగే దారి లావుగా కనబడుతుంది. ఎవరూ తిరగని దారి వెంట్రుకలా సన్నబడి మాయమవుతుంది. మాయమైన దారిలోకి ఇక ఏ బండీ రాదు.

దాన్ని తయారుచేసినవాళ్ళలో నీలవేణి ఒకతె. పుట్టి పెరిగింది గెడ్డవలసలో, ఇప్పుడు ఉండేది పట్నంలో. అత్త ఊరు సంతలోవకి రెండు దారులు. ఒకటి కొండ చుట్టూ తిరిగి పట్నం వెళ్ళేది, రెండోది గెడ్డ, అంటే కొండవాగు, దాటి గెడ్డవలస వెళ్ళేది. ఈ రెండో గీత సన్నబడినప్పుడు పైఅధికారి ఫరీదా ఆమెను పిలిచి, మీ వైపుదే కదా, నిజంగా ఎవరూ తిరగరా అని అడిగింది. నీలవేణి మ్యాపు వైపు చూసి, తిరగరు అని చెప్పింది. అది అబద్ధమని ఆమె అనుకోలేదు. అందరూ పనులకి పట్నం వెళ్తున్నారు. పెళ్ళిళ్ళు కూడా పట్నంలో హాళ్ళలోనే చేస్తున్నారు.

రామునాయుడికి గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్సు దగ్గరి ఆసుపత్రి ఉన్న గెడ్డవలస నుంచి బయలుదేరింది. గెడ్డ దాకా వచ్చి, ముందున్న రోడ్డు నిద్రపోతోందని ఆగిపోయింది. గౌరీశు, ఇరుగుపొరుగు కలిసి ఆయన్ని మంచం మీద మోసుకెళ్ళారు. గెడ్డ చేరేలోపే ఆయన పోయాడు.

నీలవేణి గదిలో ఉన్నవాళ్ళని చూసింది. వీళ్ళందరూ ఆ దారినే కదా వచ్చారు, ఈ రాకపోకలు చూపిస్తే రోడ్డుని మళ్ళీ లేపుతారు అనుకుంది. పట్టీని నోటి దగ్గర పెట్టుకుని దారిపటాన్ని మెల్లగా అడిగింది.

"ఇవాళ ఈ ఇంటికి గెడ్డవలస నుంచి ఎంతమంది వచ్చారు?"

"ఎవరూ రాలేదు. ఈ ఇంట్లో ఉన్నది మీరొక్కరే."

పట్టీ మెల్లగానే పలికినా అందరికీ వినబడింది. సన్యాసమ్మ కళ్ళు తెరిచింది.

"సేతికున్నది తియ్యకుండా ఒచ్చీసినావేటే?"

అప్పుడు చూసింది నీలవేణి. ఒక్కరి చేతికీ పట్టీ లేదు. పట్టీ ఉండాల్సిన చోట చర్మం తెల్లగా ఉంది. చావింటికి కట్టుకెళ్ళినదేదైనా ఇంటికి రాగానే తడిపెయ్యాలి. పట్టీని తడపకూడదు కాబట్టి అమ్మ దాన్ని తీసి గూట్లో పెట్టి బయలుదేరేది. చిన్నప్పుడు నీలవేణి చేతిది కూడా అమ్మే తీసేది. అదంతా ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆ సంగతి ఆమె దారిపటానికి చెప్పింది. అప్పుడది ఒక ఊళ్ళో చావు జరిగినప్పుడల్లా రెండో ఊళ్ళో గూళ్ళలో కదలకుండా పడున్న పట్టీలన్నిటినీ వెతికింది. పట్టీ మీద చిన్న మ్యాపు వెలిగింది. మాయమైన గీత మళ్ళీ కనబడింది, లావెక్కింది, చావు జరిగిన రోజుల్లో పట్నం గీతని మించిపోయింది. చుట్టుపక్కల అంత లావు గీత ఇంకొకటి లేదు. ఈ రెండు ఊళ్ళవాళ్ళూ దుఃఖానికే ఒకరి దగ్గరికి ఒకరు వెళ్తున్నారు.

"అయినా ఇది నా ఊహ మాత్రమే," అంది దారిపటం. "రోడ్డు తెరవాలంటే వాళ్ళు పట్టీలు పెట్టుకుని నడవాలి."

నీలవేణి గౌరీశు వైపు తిరిగింది.

"బావా, పదోరోజుకి అందరూ పట్టీలు పెట్టుకుని వస్తే..."

"మా అయ్య సావుకొచ్చినోల్ని లెక్కెట్టి సూపించాలేటి మీకు?"

"ఇంకెవరికీ ఇలా జరక్కూడదని."

"సిన్నప్పుడు నువ్వీ దారంట ఎన్నిసార్లు రాలేదు, నీలా? మిషనుకి తెలీదు, సరే. నీకు తెలీదేటి?"

నీలవేణి లేచి నిలబడింది. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదన్నది మాత్రం మరిచిపోలేదు. గుమ్మం దాటింది. వెనక అడుగుల చప్పుడు వినబడి తిరిగి చూస్తే సన్యాసమ్మ లేచి వస్తోంది. చిన్నప్పటిలా తల మీద చెయ్యి వేస్తుందేమోనని నీలవేణి ఆగింది.

పట్టీ దానంతట అదే పలికింది.

"మీరు బయటికి వచ్చారు. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరూ లేరు."

సన్యాసమ్మ వెనక్కి తిరిగి, చాపల మీద కూర్చున్న అందరినీ ఒకసారి చూసింది. తర్వాత తలుపు వేసేసింది.