ఈల వేసే గేర్ బాక్స్

నానబెట్టిన పని బట్టలను కోడలు బండ మీద వేసి మూడోసారి రుద్దుతోంది. చొక్కా మోచేతుల దగ్గర గ్రీజు మరక వదలడం లేదు. ఇంటి వెనక షెడ్డులో భర్త వ్యాను కింద పడుకుని బోల్టులు మరోసారి బిగించి చూస్తున్నాడు. పానా ఇనుముకు తగిలిన ప్రతిసారీ ఆమె చెయ్యి ఆగిపోతోంది.

వరండాలో మామగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కంటి ఆపరేషన్ చేయించుకుని, పది రోజులు కూతురింట్లో ఉండి, నిన్న సాయంత్రమే తిరిగొచ్చారు. నల్లద్దాల వెనక ఇంకా అన్నీ మసగ్గానే కనిపిస్తున్నాయట. నలభై ఏళ్ళు గేర్ బాక్సులు విప్పి బిగించిన మనిషి. వీధిలో పెద్దలూ పిల్లలూ ఆయన్ను గేర్ల తాత అనే పిలుస్తారు.

"అమ్మాయ్! పెద్ద బాక్సు ఎక్కించడం అయిందా?"

"అయిపోవచ్చింది మామయ్యా."

"వ్యాను నేల కొయ్యాలి, షాఫ్టు పొట్టి చెయ్యాలి. పది రోజుల్లో ఎలా అయిందే? నా కొడుకు అంత పనిమంతుడెప్పుడయ్యాడు?"

ఆమె చొక్కా గట్టిగా పిండింది.

తండ్రీ కొడుకులు మాట్లాడుకుని రెండేళ్ళు దాటింది. కొడుకు బిగించిన ఒక గేర్ బాక్సును, బండి సొంతదారు ఎదుటే తండ్రి విప్పి మళ్ళీ బిగించారు. ఆ రోజు పడ్డ ముడి ఇప్పటికీ విడలేదు. ఒకే షెడ్డులో పని చేస్తారు, ఒకే పొయ్యి మీది అన్నం తింటారు. మాట మాత్రం కోడలి నోటి మీదుగా వెళ్ళాలి. ఇంట్లో తపాలా ఆమే. ఆయన "ఆ వెధవకి చెప్పు" అంటే ఈమె "మామయ్య మీకు చెప్పమన్నారు" అనేది. ఇతను "ముసలాయనకి చాదస్తం" అంటే ఈమె "ఆలోచిస్తానన్నారు మామయ్యా" అనేది. కారం తగ్గించి కూర వడ్డించినట్టు మాటలు అందించడం అలవాటైపోయింది. గొడవలు లేవు కదా, అదే చాలనుకుంది.

కొండ మీదికి కూలీలని చేరవేసే వ్యాను పాత ఇంజన్ చచ్చిపోయాక భర్త ఎక్కడినుంచో ఒక టర్బో ఇంజన్ తెచ్చాడు. దాంతో వచ్చిన ఆటోమేటిక్ బాక్సు కొండదారికి పనికిరాదని పక్కన పడేశాడు. చేత్తో మార్చే గేర్ల బాక్సు కావాలి. ఉన్నవి రెండు. వ్యాను సొంత బాక్సు ఒకటి, తేలిగ్గా కూర్చుంటుంది. రెండోది షెడ్డు మూల పడి ఉన్న లారీ బాక్సు, బరువైనది, దాన్ని పట్టించాలంటే మూడు వారాల పని.

ఆపరేషన్‌కి వెళ్ళే ముందు మామగారు ఆమెను గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పారు. "పాత బాక్సు చిన్న ఇంజన్ కోసం చేసింది. ఈ టర్బో లాగుడుకి దాని పళ్ళు రాలిపోతాయి. కొండ దిగేటప్పుడు గేరే సగం బ్రేకు. అది పోతే మనిషి లోయలోనే. నా మాటగా ఉన్నదున్నట్టు చెప్పు. పాతది వేస్తే వాడు చస్తాడని చెప్పు."

చస్తాడు అనే మాట ఆమె నోట రాలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "పెద్దదైతే మంచిదేమో అంటున్నారు మామయ్య" అంది.

"ఏమో అంటే? ఆయనకే నమ్మకం లేదన్నమాట," అని భర్త నవ్వేశాడు.

మర్నాటి నుంచి పాతదే ఎక్కించడం మొదలుపెట్టాడు. రోజూ చెబుదామనుకుంది. ఒక్కో బోల్టు బిగిసే కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

షెడ్డులో ఇంజన్ అంటుకుంది. కొత్త గొంతు, బలమైన గొంతు. వాళ్ళ పాప చప్పట్లు కొడుతూ ముందు సీట్లోకి ఎక్కేసింది.

"అమ్మా! నాన్న నన్ను కొండ మీదికి తీసుకెళ్తున్నాడు!"

"పాపెందుకండీ? మొదటిసారి కదా..." ఆమె తడి చేతులతో పరుగెత్తింది.

"నిన్న ఊరి చివరి దాకా తిప్పాను, వెన్నలా పోయింది. రేపట్నుంచి పన్నెండు మంది కూలీలని ఎక్కించాలి. ఇవాళ ఒక్కసారి ఎక్కి దిగితే సరి. పిరికిదానా, తప్పుకో."

వ్యాను రివర్సులో కదిలింది. కదులుతూనే సన్నగా, తీగ లాగినట్టు ఈల వేసింది.

వరండాలో కుర్చీ కిందపడింది. మామగారు లేచి నిలబడ్డారు. "అది పాతదే! పెద్దదైతే రివర్సులో గురక పెడుతుంది, మీ అత్తయ్యలాగా. ఈల వేసేది పాతదే!"

ఆయన మెట్లు దిగి, శబ్దం వచ్చే వైపు చేతులు చాచి నడిచారు. వ్యాను వెనక్కి వస్తోంది. ఆయనకు కనపడదు, భర్త చూడలేదు.

"ఆపండి!" ఆమె అరుపుకు పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసింది. వ్యాను మామగారి మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగింది.

భర్త తల బయటపెట్టాడు. మొహంలో నెత్తురు లేదు. "ఆయనకి చెప్పు, చావాలనుంటే నా బండే దొరికిందా అని!"

"వాడికి చెప్పు, ముందు పిల్లని దింపమని!"

"చెప్పు, నా బండి నా ఇష్టమని!"

"చెప్పు వాడికి..."

"నేను చెప్పను!" ఆమె తలుపు లాగి పాపను చంకలోకి తీసుకుంది. "ఎవరికీ ఏమీ చెప్పను. నేను చెప్పినవేవీ మీ మాటలు కావు. మామయ్య మంచిదేమో అనలేదు. పాతది వేస్తే మీరు చస్తారన్నారు. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. నాకు నోరు రాలేదు. మామయ్యా, ఈయన ఆలోచిస్తానని ఒక్కసారి కూడా అనలేదు. రెండేళ్ళుగా అంతా నా కల్పనే."

వాకిట్లో ఇంజన్ ఒక్కటే మాట్లాడుతోంది. భర్త చెయ్యి చాచి దాన్ని ఆపేశాడు.

మామగారు, కొడుకున్న వైపు మొహం తిప్పి, నేరుగా అన్నారు. "రేయ్. నా మాట నమ్మొద్దు. ఆయిల్ దింపి చూడు."

అతను పళ్ళెం తెచ్చి, వ్యాను కిందికి దూరి, గేర్ బాక్సు అడుగు బోల్టు విప్పాడు. నూనె ధారగా పడింది. ఎండలో అది మెరిసింది, నూనె మెరిసే తీరులో కాదు, ఇనుప పొడి కలిసిన మెరుపు. మామగారు వంగి రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితో రుద్దారు. తర్వాత పళ్ళెం అడుగంతా తడిమి, గోరంత ముక్క ఒకటి పైకి తీసి అరచేతిలో పెట్టారు.

"గేరు పన్ను. మూడో గేరుదో, నాలుగో గేరుదో."

"నిన్న నాలుగు కిలోమీటర్లే తిప్పాను నాన్నా," అన్నాడు కొడుకు. నేల మీదే కూర్చుండిపోయాడు. ఒకసారి కొండ వైపు, ఒకసారి పాప వైపు చూశాడు. "బండి ఖాళీగానే ఉంది. నాలుగే నాన్నా."

మామగారు తడుముకుంటూ వచ్చి అతని తల మీద నూనె చెయ్యి పెట్టారు. "లే. నేల కొయ్యాలి. వెల్డరును పిలుచుకురా. నా కళ్ళు పనిచెయ్యవు, నువ్వు చూసి చెప్పు, నేను విని చెబుతాను."

అతను లేచి చేతులు తుడుచుకున్నాడు. గేటు వైపు నడుస్తూ భార్య పక్కనుంచే వెళ్ళాడు. తిట్టలేదు. ఆమె మొహం వైపు చూడనైనా లేదు.

ఆమె అలాగే నిలబడింది. బండి ఆగింది కానీ భయం ఆగలేదు. ఇన్నాళ్ళూ లోయంటే భయపడింది. ఇప్పుడు ఆ మనిషి వెనక్కి తిరిగి చూసే చూపంటే భయం వేస్తోంది. నోరు తెరిస్తే ఏం మాట వస్తుందో తనకే నమ్మకం లేదు. ఏది తన మాటో, ఏది చల్లార్చిన మాటో.

పాప ఆమె చెంప తుడిచింది. "అమ్మా, నాన్న దగ్గరికి వెళ్ళి, అమ్మ ఏడవట్లేదని చెప్పిరానా?"

ఆమె ఉలిక్కిపడి పాప మొహంలోకి చూసింది. ఏడేళ్ళ పిల్ల. అప్పుడే, అచ్చం తనలాగే, ఎంత ఒద్దికగా అడిగిందో.

పాపను తీసుకెళ్ళి మామగారి ఒళ్ళో కూర్చోబెట్టింది. ఆమె కాళ్ళకు చెప్పులైనా వేసుకోకుండా, ఏ మాటా ముందుగా చల్లార్చి పెట్టుకోకుండా, గేటు తీసుకుని భర్త వెళ్ళిన దారిలో నడిచింది.