అడగకుండా ఇచ్చిన ధ్రువపత్రం

పదిహేడో మనిషి ఫలకం మీద చెయ్యి పెట్టగానే మొగ్గుమాపకం మళ్ళీ ఎర్రగా వెలిగింది.

"మీరు ఈమెను బలపరచడం లేదు," అన్నాడు నామినేషన్ల గుమస్తా సెనానూ, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువుతూ. "మీ మొగ్గు పడవ పార్టీకి నూటికి డెబ్బై ఒకటి."

చెయ్యి పెట్టిన ఎసినామ్ రేవులో చేపలు పొగబెట్టి అమ్ముకునే మనిషి. రాత్రంతా లారీలో కూర్చుని రాజధాని వోగామే చేరింది. ఆమె తెర వంక చూడనే లేదు.

"బలపరచకపోతే ఇంత దూరం ఎందుకొచ్చానయ్యా? నా నోటితోనేగా చెప్తున్నాను, నాకు ఈవిడే కావాలని?"

"నోటిమాటకు నమోదులో గడి లేదమ్మా."

"గడి లేదా! మా ఇంట్లో మేకను కూడా మేతకొస్తావా రావా అని అడిగే తోలుకెళ్తాను. మీకు నేను మేకపాటి చెయ్యనా?"

సెనానూ తెర మీద నిబంధనల జాబితా కిందికి జరిపాడు. మేకలకు సంబంధించిన నిబంధన అతని దగ్గర లేదు.

పక్కన నిలబడ్డ డెలాలి అగ్బెకో తన జాబితాలో పదిహేడో పేరు పక్కన ఆకుపచ్చ సిరాతో సున్నా చుట్టింది. ఇరవై ఆరేళ్ళు లెక్కల తనిఖీదారుగా పనిచేసిన చెయ్యి అది. ఇప్పటికి మూడు టిక్కులు, పద్నాలుగు సున్నాలు. కెటావో గణతంత్రానికి అధ్యక్షురాలిగా పోటీ చెయ్యాలంటే నలభై మంది బలపరచాలి. గడువు నాలుగు గంటలకు. గోడ గడియారం రెండు దాటింది. మిగిలిన ఇరవై ముగ్గురూ ప్రాంగణంలో టార్పాలిన్ నీడన కూర్చుని ఉన్నారు.

పదకొండేళ్ళుగా కెటావోలో ఎవరూ ఓటు వెయ్యలేదు. వెయ్యాల్సిన పని లేదు. ఏం కొన్నారు, ఏ పాటకు ఆగారు, ఏ వార్త విని నాడి ఎగిసింది, అంతా మణికట్టు పట్టీ పోగుచేసి దినమొగ్గు కడుతుంది. ఎన్నికల రోజున మొగ్గులన్నీ కూడితే అధ్యక్షుడు తేలతాడు. పాత పోలింగు గదుల్లో ఇప్పుడు ఐసు నిల్వ చేస్తున్నారు.

కిందటేడు పడవ, కొంగ, ఉన్న రెండు పార్టీలూ కలిసి జిల్లా ఆసుపత్రుల్లో సగం మూసేశాయి. పడకలు లేక మనుషులు వరండాల్లో పోయారు. ఊరూరా జనం దుమ్మెత్తి పోశారు. మొగ్గు మాత్రం అర శాతం కూడా కదల్లేదు. ఆ వారమే డెలాలి ఉద్యోగం వదిలేసింది.

"మేడమ్, ఒక దారుంది," సెనానూ గొంతు తగ్గించాడు. అతను చెడ్డవాడు కాదు, జీతగాడు. "పడవకు గానీ కొంగకు గానీ అనుబంధ అభ్యర్థిగా రాసుకోండి. వాళ్ళ మొగ్గులో కొంత మీకు బదిలీ అవుతుంది. నలభై మందీ పచ్చగా వస్తారు."

"నేను స్వతంత్రంగా నిలబడుతున్నాను."

"స్వతంత్రుల వైపు ఎవరూ మొగ్గినట్టు దాఖలా లేదు మేడమ్."

"పదకొండేళ్ళుగా ఒక్కరినీ నిలబడనివ్వకపోతే దాఖలా ఎక్కడినుంచి వస్తుంది?"

"అదే నేనూ అంటున్నాను. దాఖలా లేదు."

డెలాలికి ఒళ్ళు మండింది. "ఎదురుగా నిలబడి చెప్తున్న మనిషి మాట కాదని, పట్టీ మాట పట్టుకోమని మీకు ఎవరు చెప్పారు? ఏ చట్టం?"

సెనానూ తెరను ఇటు తిప్పాడు. "ఏడో నిబంధన. స్వతంత్ర తనిఖీదారులు ధ్రువీకరించినంత కాలం మొగ్గే మాట. కింద ధ్రువపత్రం ఉంది చూడండి."

ఎసినామ్ ముందుకు వంగి, చివరి వరుసను వేలితో కూడబలుక్కుంటూ చదివింది. ఆమె వేలు ఆగింది.

"దావీ," అంది నెమ్మదిగా. ఆ తీరంలో అక్కను అలాగే పిలుస్తారు. "ఇది నీ పేరేగా?"

"నా పేరే. ఎనిమిదేళ్ళు నేనే సంతకం చేశాను. నా తర్వాత ఇంకా ఎవరూ చెయ్యలేదు."

"సంతకానికి ముందు నన్ను అడిగావా? మా రేవులో ఎవరినైనా?"

"లేదు."

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా?"

"లేదు ఎసినామ్."

"మరి ఏం చూసి రాశావు?"

"ఏటా రెండువేల పట్టీలు తీసుకునేదాన్ని. పట్టీలో ఉన్నదీ కేంద్రంలో ఉన్నదీ చివరి అంకె దాకా సరిపోయేవి. రెండూ ఒకే మాట చెప్పాయి కదా, నిజమే అనుకున్నాను."

"ఇద్దరు దొంగలు ఒకే మాట చెబితే మా సంతలో ఇంకో రెండు ఎక్కువ తగిలిస్తారు దావీ."

డెలాలి తెర మీది తన పేరు మళ్ళీ చదివింది. ఆమె మొదటి కొలువు కోకో గిడ్డంగిలో. పుస్తకంలో ఎన్ని బస్తాలు రాసి ఉన్నా నమ్మకు, బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడు, అడుగున ఇసుక ఉండొచ్చు అని పెద్ద తనిఖీదారు నేర్పాడు. గింజల విషయంలో ఆమె ఏనాడూ ఆ నియమం తప్పలేదు. మనుషుల దగ్గరకొచ్చేసరికి ఒక్క తలుపు కూడా తట్టలేదు. సంవత్సరం పొడవునా పార్టీలను తిట్టింది, మాపకాన్ని తిట్టింది. ఆ మాపకాన్ని నిలబెట్టిన కాగితం తనదే.

"నా ధ్రువపత్రం వెనక్కి తీసుకుంటాను. ఉపసంహరణ పత్రం ఇవ్వండి," అంది డెలాలి.

సెనానూ కుర్చీలోంచి సగం లేచాడు. "మేడమ్, అది రాస్తే విచారించకుండా ధ్రువీకరించానని ఒప్పుకున్నట్టే. పదేళ్ళు ఏ పదవికీ నిలబడకూడదు."

"తెలుసు. ఆ వాక్యంలో తప్పులు దిద్దింది నేనే."

"అదేం మాట!" ఎసినామ్ గొంతు పెరిగింది. "నువ్వు నిలబడతావనే గదా నలభై మందిమి పనులు మానుకుని వచ్చాం! నువ్వు తప్పుకుంటే మాకేం మిగిలింది?"

"నేను నిలబడినా మీరు ఇందులో కనబడరు ఎసినామ్. పడవ పేరుతో గెలిచినా నిన్ను ఎవరూ అడగరు. నేనూ అడగను, అడక్కుండానే అన్నీ తెలుస్తున్నాయి కదా అనుకుంటాను. ఇదివరకు అలాగే అనుకున్నాను."

పత్రంలో కారణం రాయాల్సిన చోటు పెద్దది. ఆమె ఒక్క వాక్యమే రాసింది: నేను మనుషులను అడగలేదు. కింద సంతకం చేసింది.

సెనానూ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత మాపకం కింద పెట్టి రసీదు మీట నొక్కాడు.

ఫలకం మీద ఎరుపు పోయింది. పచ్చ రాలేదు. బూడిదరంగు తెర మీద, అతను కొలువులో చేరాక ఎప్పుడూ చూడని వరుస ఒకటి వచ్చింది: ధ్రువీకరణ లేదు. ఓటరును విచారించండి.

పక్క గదిలోని మాపకం కూడా బూడిదరంగుకు తిరిగింది, అక్కడ ఫోను మోగింది. ఆ పై గదిలో ఇంకొకటి. మెట్ల మీద ఎవరో పరుగెడుతున్నారు. ఎలా విచారించాలో చెప్పే పుస్తకం కోసం సెనానూ సొరుగులన్నీ లాగాడు. అలాంటి పుస్తకం లేదు. చివరికి చేతులు బల్ల మీద పెట్టుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి ఎసినామ్ ముఖంలోకి చూశాడు.

"అమ్మా... మీకు ఎవరు కావాలి?"

"కావలసిన ఆవిడ పేరు ఇప్పుడే నీ చేత్తో కొట్టేశావు గదయ్యా," అంది ఎసినామ్. కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. "కుర్చీ వెయ్యి. ఆలోచించి చెప్తాను. బయటున్న వాళ్ళకి కూడా వెయ్యి."